నిండుకున్న సీసా

ఫిల్మ్ నగర్‌లో డ్రెస్సర్ అంటే హీరోకి కోటు తొడిగేవాడు. డాక్టర్ కాశీవిశ్వనాథం నర్సింగ్ హోమ్‌లో డ్రెస్సర్ అంటే గాయానికి కట్టు కట్టేవాడు. ఈ తేడా తెలియని ప్రొడక్షన్ మేనేజర్లు ఒకరిద్దరు శౌరిని వెతుక్కుంటూ వచ్చి, రేపు పొద్దున ఆరింటికల్లా ఎనిమిది పోలీసు యూనిఫారాలు ఇస్త్రీ చేసి సెట్టు మీదికి తెమ్మని చెప్పిపోయారు కూడా. మీ డైరెక్టరు ‘కట్’ అంటే పని ఆగుతుంది, మా డాక్టరు ‘కట్టు’ అంటే పని మొదలవుతుంది, అంతే తేడా అని శౌరి వాళ్లకు ఓపిగ్గా చెప్పి పంపేవాడు.

ఆ గురువారం పొద్దున డ్రెస్సింగ్ గదిలో మాత్రం హాస్యానికి చోటు లేదు. బల్లమీద ఆదినారాయణ కాలు ఉంది, దాని వెనకాల కాస్త దూరంలో బిక్కముఖంతో ఆదినారాయణ ఉన్నాడు. అతను అసిస్టెంటు డైరెక్టరు. షూటింగులో ట్రాలీ పట్టాల మీద పడి మోకాలి కింద జానెడు మేర చీరుకుపోతే డాక్టరే స్వయంగా తొమ్మిది కుట్లు వేశాడు. వేసి వారమైంది. శౌరి పై కట్టు విప్పి, లోపలి గాజుగుడ్డ మీద లోషన్ పోసి, అది నాని వదులయ్యేదాకా ఆగి, పట్టకారుతో అంచు పట్టుకుని మెల్లగా లేపాడు. గుడ్డ మధ్యలో మరక. పెసరపొట్టు రంగు. మిగలపండిన పండు వాసన.

ఆ రంగు, ఆ వాసన శౌరికి ఈ నెలలో ఇది మూడోసారి. మొదట ఫైటర్ వీరరాఘవయ్య భుజం, తరవాత ఒక డబ్బింగ్ ఆవిడ పొట్టమీది కుట్లు, ఇప్పుడు ఈ కాలు.

డాక్టరు వచ్చి గాజుగుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తరవాత ఆయన గాయం వైపు చూడలేదు. శౌరిని కిటికీ దగ్గరికి పిలిచి చేతులు చాపమన్నాడు. తిరగేసి, బోర్లేసి, గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్యన, మణికట్టు మడతల్లో వెతికాడు. చూడటమంతా హస్తసాముద్రికుడిలాగే చూశాడుగాని జోస్యం చెప్పలేదు. ఆ చేతుల భవిష్యత్తు అప్పటికే ఆయన చేతిలో ఉంది.

ఎంతసేపు కడుగుతావని అడిగాడు. మోచేతిదాకా అయిదు నిమిషాలండీ, ఆ తరవాత గిన్నెలోని లోషన్‌లో ముంచుతానండీ అన్నాడు శౌరి.

“కుట్లు వేసింది నేను. గుడ్డలు డ్రమ్ములో ఆవిరికి పెట్టడం నా కళ్లతో చూశాను. మధ్యలో ఉన్నది నీ చెయ్యి ఒక్కటే శౌరీ.”

కుట్లు డాక్టరువి. కుట్ర మాత్రం శౌరిదని తేలిపోయింది.

గుమ్మం దగ్గర డాక్టరు తల్లి శారదాదేవి నిలబడి ఉంది. ఉగాదికి తెనాలి నుంచి వచ్చింది. పాత కాంపౌండరు మానేసి వెళ్లిపోవడంతో ఆ రోజు నుంచీ మందుల స్టోరు తాళంచెవి ఆవిడ కొంగున ఉంది. మనిషి మంచిదే. పేషెంట్లకు పథ్యం చారు కాచి పంపుతుంది.

“హస్తవాసి అని ఒకటుంటుంది విశ్వం,” అంది ఆవిడ. “కొందరి చెయ్యి తగిలితే ఎండుకొమ్మ చిగురిస్తుంది. కొందరిది...” అని ఆపేసింది. ఆవిడ చెప్పని సగమే అందరికీ బాగా వినిపించింది.

వచ్చే వారం శనివారం దాకా చూస్తానన్నాడు డాక్టరు. ఆలోగా ఈ కాలు దారికి రాకపోతే పని మానుకోవాలి. “వెనక గది ఖాళీ చెయ్యి,” అన్నాడు.

ఖాళీ చెయ్యి అన్నమాట విని శౌరి అప్రయత్నంగా తన చేతి వంక చూసుకున్నాడు. అది ఖాళీగానే ఉంది. పక్క ప్లాటులో ఎవరో సినిమా ఆయన ఇంటికోసం బండలు పేలుస్తున్నారు. ఈల వినిపించింది. ఆ వెంటనే కిటికీ అద్దాలు గలగలలాడాయి. గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు, ఆదినారాయణ కాలు తప్ప.

*

జనరేటరు షెడ్డు పక్కన, పెద్ద బండరాయిని ఒక గోడగా వాడుకుని కట్టిన గది వాళ్లది. శౌరి భార్య సారా గుమ్మంలో కూర్చుని గ్రూప్ డాన్సరు అమ్మాయిల జాకెట్లకు హుక్కులు కుడుతోంది. జరిగింది అంతా విని, దారం పళ్లతో తెంపి, అడగకూడని ప్రశ్న అడిగింది.

“నిజం చెప్పయ్యా. అయిదు నిమిషాలు కడుగుతున్నావా, అయిదు వేళ్లు తడుపుతున్నావా?”

శౌరికి కోపం రాలేదు, అంతకంటే పెద్దదేదో వచ్చింది. పధ్నాలుగేళ్లుగా తన చేతి కష్టం తింటున్న మనిషి తన చేతిని అనుమానిస్తే ఊళ్లోవాళ్లను అనుకుని లాభమేమిటి? సారా సర్దుకుని, అనుమానం నీ మీద కాదు, చేతి మీద అంది. ఆ రెండూ ఒకచోటే ఉంటాయే అన్నాడు శౌరి.

ఈ గది పోతే ఎర్రగడ్డ వైపు ఎక్కడో అద్దెకు చూసుకోవాలి. రెండు బస్సులు మారి వచ్చి జాకెట్లు పట్టుకెళ్లడం సారా వల్ల కాదు. అదైనా ఎలాగో పడొచ్చు. కాని చెయ్యి మంచిది కాదన్న పేరు మనిషికంటే ముందే బస్సెక్కుతుంది. యూసుఫ్‌గూడ మొదలుకొని అమీర్‌పేట దాకా ఏ నర్సింగ్ హోమ్ గుమ్మంలో నిలబడినా, ‘ఓహో, ఆ శౌరివా’ అంటారు. డ్రెస్సరుకి ఉన్న సర్టిఫికెట్ అల్లా చెయ్యే. దానిమీద ఎర్రగీత పడితే మళ్లీ కడిగినా పోదు.

పుండు కొన్నాళ్లకు మానుతుంది. అనుమానం మానదు. ‘మానం, మానం’ అని దాని పేరులోనే చెప్పుకుంటుంది.

*

ఆ గురువారం సాయంత్రం నుంచే అనుమానించే వంతు శౌరి తీసుకున్నాడు.

ముందుగా ఆదినారాయణను అనుమానించాడు. అతని చెవి మీద ఎప్పుడూ పెన్సిలుంటుంది, కట్టు కింద దురదగా ఉందని రోజూ అంటాడు. పెన్సిలు కొసతో గోక్కుంటున్నాడేమోనని, కట్టు కట్టాక శౌరి ఏమీ ఎరగనట్టు సగం కట్టు మీద, సగం చర్మం మీద పడేలా పెన్నుతో ఒక గీత గీశాడు. మర్నాడు పొద్దున గీత గీతకు అతికినట్టే ఉంది. పేషెంటు నిర్దోషి.

తరవాత డ్రమ్ము. ఆవిరి లోపలిదాకా పోతున్నదో లేదోనని గాజుగుడ్డల నడుమ ఒక పచ్చి కోడిగుడ్డు దాచిపెట్టాడు. డ్రమ్ము తీసేసరికి గుడ్డు లేదు. వార్డులో పనిచేసే జంగయ్య గోడకానుకుని ఉప్పు అద్దుకుని తింటున్నాడు. పెళ్లీడుకొచ్చిన కొడుకున్న మనిషి, తప్పు చేసిన ముఖం పెట్టలేదు సరిగదా, మంచిగ ఉడికిందన్నా అన్నాడు. సాక్ష్యాన్ని సాక్షే తినేశాడుగాని డ్రమ్ము మటుకు నిర్దోషి అని తేలింది.

ఇక మిగిలింది జంగయ్యే. గదులు తుడిచేది, గిన్నెలు అందించేది, స్టోరు నుంచి లోషన్ సీసా మోసుకొచ్చేది అతనే. శౌరి అతను తుడిచిన చోటల్లా వేలు పెట్టి చూశాడు. బకెట్‌లో తొంగి చూశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి జంగయ్య చీపురు గోడకు ఆనించి ఎదురు తిరిగాడు.

“గిట్ల నా ఎన్కెన్క తిరుగుతున్నవేందన్నా? డాక్టర్ సాబ్ నీ చేతులు చూసిండు. నువ్వు నా చేతులు చూస్తున్నవ్. నేనెవని చేతులు జూడాలె మరి?”

శౌరి బకెట్ వదిలి లేచాడు. నిజానికి అప్పటికే ఆ నర్సింగ్ హోమ్‌లో అందరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. శౌరి అందించిన కాఫీ గ్లాసు ఎవరూ అందుకోవడం లేదు. ఆడవాళ్ల వార్డులో ఒకావిడ, కట్టు మార్చకపోయినా ఫరవాలేదుగాని అతను రావద్దని కబురు పంపింది. వీరరాఘవయ్య సినిమాల్లో నలభైమంది మీద ఒక్కడూ దూకే మనిషి. శౌరి ట్రేతో లోపలికి రాగానే దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

*

శనివారం పొద్దున శౌరి గాయం కడుగుతుంటే ఆదినారాయణ అడిగాడు, ఈ లోషన్ ఎన్నాళ్లనాటిదని.

రోజూ కొత్తదేనండీ అన్నాడు శౌరి. పొద్దున్నే తాను వచ్చేసరికి నిండు సీసా బల్లమీద ఉంటుందని కూడా చెప్పాడు.

ఆదినారాయణ చెవిమీది పెన్సిలు తీసి సీసావైపు చూపించాడు. మా కంపెనీలో నా పని ఒకటేనయ్యా అన్నాడు. ఒక షాటులో హీరో చేతిలో కాఫీ సగం ఉంటే, మూడు రోజుల తరవాత తీసే పక్క షాటులో కూడా సగమే ఉండాలి. దాన్నే కంటిన్యుటీ అంటారు. పదిరోజుల్నుంచి కాలు కదపలేక పడున్నానేమో, చూడటానికి నీ సీసా తప్ప నాకు వేరే హీరోయిన్ లేదు.

“సాయంత్రానికి మూడు వేళ్ల మందం మిగులుతుంది. పొద్దున్నే నిండుగా ఉంటుంది. సరే. కాని అడుగున చూడు, తెల్లటి దూదిపోగు. అది గురువారం ఉంది, నిన్నా ఉంది, ఇవాళా ఉంది. కొత్త లోషన్‌లోకి పాత పోగు ఎలా వచ్చింది? కంటిన్యుటీ మరీ అంత బాగుండకూడదు శౌరీ.”

శౌరి సీసాను వెలుతురుకు ఎత్తాడు. పసుపుపచ్చటి లోషన్ కింద దూదిపోగు మెల్లగా చెయ్యి ఊపుతున్నట్టు ఊగింది. దాని చుట్టూ, గాజుకు అంటుకుని, వేలితో తీస్తే వచ్చేటట్టున్న సన్నటి జిగురు.

*

ఆదివారం పొద్దున ప్రార్థనకు రానంటే సారా ఎగాదిగా చూసి, దేవుడి మీద కూడా అనుమానం మొదలైందా అని అడిగి ఒక్కతే వెళ్లింది. శౌరి జంగయ్య వెనకాల స్టోరు దాకా వెళ్లి గుమ్మానికి ఇవతల నిలబడ్డాడు.

జంగయ్య సీసా ముందుకు చాపి, “నిండుకుందమ్మా,” అన్నాడు. సీసాలో మూడు వేళ్ల లోషన్ ఉంది.

శారదాదేవి సీసా అందుకుని, ఆ మూడు వేళ్ల మీదనే చిక్కటి మందు కొలిచి పోసి, కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, మూతి దాకా నింపి ఇచ్చింది. చాలా శుభ్రంగా, ఒక్క చుక్క ఒలకకుండా చేసింది. పోసేముందు కొంగుతో సీసా బయటంతా తుడిచింది.

తిరిగి వస్తూ శౌరి అడిగితే జంగయ్య కథంతా చెప్పాడు. కొత్తలో సీసా ఒడిసింది, ఖాళీ అయిందని చెప్పాడట. అమ్మకు మస్తు కోపమొచ్చిందట. మందుల కొట్లో నిలబడి ఆ పాడుమాట అనకూడదు, నిండుకుంది అనాలి అని నేర్పిందట.

“మా ఇంట్ల నిండుకున్నదంటే నిండిందనుకుంటం. ఎప్పుడు నిండుకుంటే అప్పుడు తేవాలె అన్నది గదా, నాలుగు దినాలు నిండు సీసాలే పట్కవోయిన. ఇదేం మెంటల్ కేసని నా మొకం చూసిందన్నా. అటెన్క సమజ్ చేసింది. పూరా నిండుకునేదాంక ఆగొద్దు, అడుగు కనబడొద్దు, గంతల్నే తేవాలె అని.”

శౌరికి అర్థమైంది. వాళ్లమ్మ కూడా బియ్యం అయిపోయాయని ఎప్పుడూ అనలేదు, నిండుకున్నాయనే అనేది. డబ్బా అడుగున గుప్పెడు ఉంచి కొత్తవి పోసేది. బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, గానుగ నూనె డబ్బా, ఏదీ వట్టిపోకూడదు. అడుగంటితే అరిష్టం. బియ్యంలో గుప్పెడు మిగిలితే మిగిలేది బియ్యమే. లోషన్‌లో మూడు వేళ్లు మిగిలితే? ఉగాదినాటి లోషన్ ఇంకా ఆ సీసా అడుగున కూర్చుని, రోజూ వచ్చే కొత్త లోషన్‌కి తన విద్య నేర్పుతోంది. పాత కాంపౌండరు రోజూ సీసా ఒంపి, కడిగి, మరిగించి పోసేవాడు. ఆ పని ఎవరికీ అప్పగించకుండానే వెళ్లిపోయాడు.

మళ్లీ తన వంతు కూడా గుర్తొచ్చింది. అయిదు నిమిషాలు సబ్బుతో తోమిన చేతిని తీసుకెళ్లి ఆ గిన్నెలోనే ముంచేవాడు. రోజూ నిండు సీసా చూశాడు, నిండుకున్నప్పుడు ఒక్కనాడూ చూడలేదు.

సాయంత్రం డాక్టరు వరండాలో ఉన్నప్పుడు వెళ్లి చెప్పాడు. వీలైనంత మెత్తగా, సీసా దగ్గర మొదలుపెట్టి సీసా దగ్గరే ఆపాడు. డాక్టరు పేపరు దించకుండానే విన్నాడు.

“లోషన్ క్రిముల్ని చంపుతుంది. పెంచదు.”

చంపాల్సినదాన్లోనే ఆ జిగురేమిటో ఒక్కసారి తమరు చూడండన్నాడు శౌరి. పేపరు దిగింది.

“అంటే మా అమ్మ పోసినదాన్లో దోషముందంటావు.”

“అమ్మగారిని అనలేదండి. సీసాని అన్నాను.”

“సీసా పేరు పెట్టి ఎవరిని అంటున్నావో నాకు తెలుసు.” గొంతు పెంచలేదు. రేపూ ఎల్లుండీ నర్సు కరుణాకుమారి సెలవులో ఉంది కాబట్టి కట్లు నువ్వే కట్టు, బుధవారం నుంచి ఆ అమ్మాయి కడుతుంది, నువ్వు బ్యాండేజీలు చుట్టుకుంటూ శనివారం దాకా గడుపు అన్నాడు. మళ్లీ పేపరు లేచింది.

*

సోమవారం తెల్లవారగానే శౌరి సీసా తెచ్చి సింకులో బోర్లించాడు. లోషన్ గడగడమని పోయింది. అడుగున పేరుకున్న జిగురు మాత్రం పోనని మొరాయించి, జారి, ఒక ముద్దలా పడింది. సోడా కలిపిన వేడినీళ్లు పోసి, పొడుగు బ్రష్షుతో అడుగు తోమాడు. సోడా, సబ్బు మిగిలితే లోషన్ పస పోతుందని పాత కాంపౌండరు చెప్పిన మాట గుర్తుంచుకుని నాలుగుసార్లు నీళ్లతో తొలిచాడు. సీసా, చేతులు ముంచే గిన్నె, పట్టకారు నిలబెట్టే జాడీ, మూడింటినీ స్టెరిలైజరులో ఇరవై నిమిషాలు మరగనిచ్చి, ఉడికించిన గుడ్డ పరిచి దానిమీద బోర్లించాడు. జంగయ్య గుమ్మంలో కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. అమ్మ చూస్తే నన్ను గూడ నిండుకోమంటదన్నా అన్నాడు.

అమ్మ చూడనే చూసింది. సీసా ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చి, తలకిందులుగా ఉన్న సీసా దగ్గర ఆగిపోయింది.

“ఎవరు చేశారు?”

“నేనేనండి. కడిగాను.”

ఆవిడ ఇంకేమీ అడగలేదు. డ్రెస్సింగు వేళ అవుతోంది కాబట్టి సీసా పట్టుకెళ్లి నింపి పంపింది. కాని లెక్క పెట్టుకుంది. సోమవారం బోర్లించాడు. మంగళవారం కూడా బోర్లించాడు. కొడుకుతో అప్పుడే చెప్పలేదు. శనివారం ఎలాగూ పోయేవాడు, పోయేముందు అన్నీ కలిపి ఒకేసారి చెప్పొచ్చు.

మంగళవారం గాజుగుడ్డ మీద మరక రూపాయి బిళ్లంత ఉంది. పచ్చదనం పోయి లేత పసుపుకు దిగింది. వాసన లేదు. నాలుగు రోజులుగా ఆదినారాయణను వదలని జ్వరం కూడా సాయంత్రం దిగింది. శౌరి గాజుగుడ్డను రెండుసార్లు వాసన చూసి, కేసు షీటులో ‘చీము తగ్గింది, వాసన లేదు’ అని రాసి, కింద సంతకం పెట్టాడు. సంతోషపడటానికి ధైర్యం చాలలేదు.

బుధవారం కరుణాకుమారి వచ్చి పట్టకారు అందుకుంది. శౌరి మూల స్టూలు మీద కూర్చుని బ్యాండేజీలు చుట్టడం మొదలుపెట్టాడు. గురువారానికి మరక చుక్కయింది. శుక్రవారానికి గాయం దానిమ్మ గింజల్లా ఎర్రగా పలకరించింది. వీరరాఘవయ్య దుప్పటి దించాడు. ఆడవాళ్ల వార్డులో ఆవిడ కరుణాకుమారికి మల్లెపూలు తెప్పించింది. చెయ్యి మారింది, పుండు మానింది అని వార్డు వార్డంతా అనుకుంది. తెల్లవారుజామునే వచ్చి సీసా కడిగిపోయే మనిషి ఎవరికీ కనబడలేదు, ఒక్క శారదాదేవికి తప్ప.

సారాకి మాత్రం మండిపోయింది. శుక్రవారం సాయంత్రం ట్రంకు పెట్టెలో బట్టలు కుక్కుతూ, నిన్ను నువ్వే ముంచుకుంటున్నావని తిట్టింది. నువ్వు కడిగిన సీసా, పేరు ఆ పిల్లకు, నేరం నీకు.

“రేపొక్క పొద్దు ఆ సీసా కడగమాకు. ఈ రాత్రి మిగిలిందాని మీదనే పొయ్యనీ ఆ ముసలమ్మని. నాలుగు రోజుల్లో మళ్లా చీము పడుద్ది. అప్పుడు చెయ్యెవరిదో లోకానికే తెలుద్ది.”

శౌరికి ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. బుధవారం నుంచీ బ్యాండేజీతో పాటు దాన్నీ చుట్టుతూనే ఉన్నాడు.

శనివారం తెల్లవారుజామున సింకు దగ్గర సీసా పట్టుకుని నిలబడ్డాడు. అడుగున మూడు వేళ్ల లోషన్, తేటగా, అమాయకంగా. జంగయ్య చీపురు ఆపి చూస్తున్నాడు. ఊరికే బల్లమీద పెట్టేసి వెళ్లిపోతే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకపోవడమే. లోపలి గదిలో ఆదినారాయణ దగ్గాడు. ఇంటికెప్పుడు పంపిస్తారని నిన్న అతను కరుణాకుమారిని మూడుసార్లు అడిగాడు.

శౌరి సీసా ఒంపేశాడు. బ్రష్షు అందుకున్నాడు.

*

పదింటికి డాక్టరు వచ్చి కట్టు విప్పించి చూశాడు. అంచులు దగ్గరపడ్డాయి. వేలితో నొక్కితే నొప్పి లేదు. ఆయన మూలనున్న స్టూలు వైపు తిరిగాడు. నేను కక్షతో అనలేదు శౌరీ, నువ్వే చూశావుగా, చెయ్యి మారేసరికి గాయం మారింది అన్నాడు. గది సాయంత్రంలోగా ఇచ్చేస్తే మంచిదన్నాడు. శౌరి చుట్టిన బ్యాండేజీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. చెప్పాల్సింది ఆదివారమే చెప్పేశాడు. రెండోసారి చెబితే అది సాకు అవుతుంది.

అప్పుడు శారదాదేవి లోపలికి వచ్చింది.

“పొమ్మన్నావు, మంచిపని చేశావు విశ్వం. అతని చెయ్యే కాదు, బుద్ధి కూడా మంచిది కాదు. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. పచ్చగా ఉన్న కొట్టుకు అరిష్టం తెచ్చిపెడుతున్నాడు. రోజూ పొద్దున్నే ఆ లోషన్ సీసా చుక్క లేకుండా ఒంపేసి, గుడ్డమీద బోర్లిస్తున్నాడు. నా కళ్లతో చూశాను.”

డాక్టరు చెయ్యి గాయం మీదనే ఆగిపోయింది.

“ఎప్పట్నుంచి?”

“సోమవారం. సోమవారం పొద్దున మొదలు. ఒక్క రోజు తప్పలేదు, కావాలంటే జంగయ్యను అడుగు.”

“తప్పలేదు సార్,” అన్నాడు జంగయ్య గుమ్మంలోంచి. “ఇయ్యాల గూడ.”

 ఆదినారాయణ మంచం చివర వేలాడుతున్న కేసు షీటు అందుకోబోతే చెయ్యి అందలేదు. డాక్టరే తీశాడు. ఆదివారం: చీము, దుర్వాసన, జ్వరం. మంగళవారం: చీము తగ్గింది, వాసన లేదు. శౌరి సంతకం. దాని కింద బుధవారం నుంచి కరుణాకుమారి గుండ్రటి అక్షరాలు.

“తేదీలు చూడండి డాక్టరుగారూ,” అన్నాడు ఆదినారాయణ. “సీను మారింది సోమవారం. ఆర్టిస్టు మారింది బుధవారం.”

డాక్టరు షీటును మళ్లీ మొదటినుంచి చదివాడు. అందులో ఉన్నవి పది వాక్యాలే, అయినా చాలాసేపు చదివాడు. తరవాత స్టోరులోకి వెళ్లాడు. ఆపరేషన్ థియేటరుకి వాడే రెండో సీసా అక్కడుంది, దాన్ని ఎవరూ కడగలేదు. వెలుతురుకెత్తి అడుగు చూశాడు. మూత తీసి వాసన చూశాడు. సింకులో ఒంపాడు. చివర్న జిగురు ముద్ద జారి పడేదాకా సీసాను అలాగే వంచి పట్టుకున్నాడు. శారదాదేవి వద్దనబోయి, జారి పడ్డదాన్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరరాఘవయ్య భుజం, ఆ డబ్బింగ్ ఆవిడ పొట్ట, తను చారు కాచి పంపిన మనుషులు.  

డాక్టరు వెనక్కి వచ్చేసరికి ముఖం ఒక రకంగా ఉంది. శౌరి ముందు ఒక క్షణం నిలబడి, కరుణాకుమారి వైపు తిరిగి కాలికి కట్టు వెయ్యమన్నాడు. మళ్లీ తనే ఆపాడు.

“నువ్వు కాదమ్మా. శౌరి కడతాడు.”

శౌరి సింకు దగ్గరికి వెళ్లి చేతులు తోమడం మొదలుపెట్టాడు. ఎవరూ తొందరపెట్టలేదు. అయిదు నిమిషాలు గదిలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు మధ్యలోనే డాక్టరు, స్టోరు ఇకనుంచి శౌరి చూసుకుంటాడమ్మా అన్నాడు తల్లితో.

శారదాదేవి కొంగు ముడి విప్పింది. ముడి బిగుసుకుపోయి ఉండటంతో కొంచెంసేపు పట్టింది. తాళంచెవి తీసుకొచ్చి సింకు పక్కనున్న బల్లమీద పెట్టింది.

శౌరి నీళ్లు కట్టేశాడు. బల్ల వైపు చూడలేదు. మోచేతుల నుంచి నీళ్లు కారుతుండగా ఆవిడ వైపు తిరిగి కుడిచెయ్యి చాపాడు. దొరలా కాదు, అలాగని దీనంగానూ కాదు. చాపి, అలాగే ఉంచాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది. బల్లమీది తాళంచెవిని మళ్లీ తీసుకుంది. అరచేతిలో పెట్టింది. పెట్టిన వేళ్లు వెంటనే వెనక్కి రాలేదు.

“తడిగా ఉందేం,” అంది చిన్నగా.

“కడిగానండి,” అన్నాడు శౌరి. తాళంచెవి జేబులో వేసుకుని, మళ్లీ కడుక్కోవడానికి సింకు వైపు తిరిగాడు.